అప్‌డేట్: వెంటనే చేయాలా, ఆగాలా, ఆపేయాలా? ఎవరికి ఏది మంచిదో నా లెక్క

పోయిన వారం మహేంద్రతనయ నది అవతల పాతపట్నం నుంచి జిరాక్సులకి వచ్చిన ఒక పెద్దావిడ కాగితాలతో పాటు ఫోను కూడా నా చేతిలో పెట్టి, "నాలుగు రోజుల్నుంచి ఏటో అడుగుతంది బాబూ, నొక్కీమంటావా?" అంది. చూస్తే సిస్టమ్ అప్‌డేట్. దాని సైజు ఒక జీబీ పైనే, ఆవిడ ప్యాక్‌లో రోజుకి వచ్చేది ఒకటిన్నర జీబీ, ఫోనులో ఖాళీ రెండు జీబీలు కూడా లేదు. ఇవేవీ ఆవిడకి తెలియవు, ఆవిడ భయం వేరే. ఇదివరకొకసారి ఇలాగే అడిగితే నొక్కేసిందట, మర్నాడు చూసుకుంటే కూతురికి వీడియో కాల్ చేసే గుర్తు ఎప్పుడూ ఉండే చోట లేదు, కూతుర్నే అడుగుదామంటే ఆ పిల్లకి ఫోను ఎలా కలపాలో తెలియట్లేదు, రెండు రోజులు అలాగే ఊరుకుందట.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతాను. పెళ్లికార్డు ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో కొట్టించుకునే ఊరు మాది. పొద్దున ఆధార్, పాన్, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బులు పడ్డాయో లేదో చూడమనేవాళ్లు, సాయంత్రం కార్డులు, ఫ్లెక్సీలు. ఈ మధ్యలో రోజుకి ఒకరైనా అప్‌డేట్ గురించి అడుగుతారు. కొందరు కోపంగా అడుగుతారు, "నా డబ్బు పెట్టి నేను కొనుక్కున్న ఫోను, నన్నడక్కుండా మార్చడానికి వాళ్లెవరు" అని. ఆ కోపంలో న్యాయం ఉంది. ఇంకొందరు దాన్ని చూస్తేనే బెదిరిపోయి నెలల తరబడి 'తర్వాత' అని నొక్కుతూ ఉంటారు, వాళ్ల గురించే నాకు దిగులు. అందరికీ ఒకే జవాబు చెప్పలేను, ఎవరి ఫోను, దాంతో ఏం పని, అది ఒక రోజు ఆగిపోతే ఎవరికి ఇబ్బంది అన్నదాన్ని బట్టి మారుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఏ అప్‌డేటో చూడండి

అప్‌డేట్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు నడుస్తాయి. ఒకటి, ఎక్కడో బయటపడిన కన్నాన్ని పూడ్చడం, దీన్నే సెక్యూరిటీ ప్యాచ్ అంటారు. రెండోది కొత్త హంగులు, కొత్త రూపం, చోటు మారిన బటన్లు. జనానికి చిరాకు తెప్పించేది దాదాపు ఎప్పుడూ రెండోదే, కానీ ఆ చిరాకులో మొదటిదాన్ని కూడా ఆపేస్తారు.

విండోస్‌లో ఈ రెండిటినీ విడదీసి చూడటం తేలిక. ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా వేళకి ప్యాచ్‌లు వస్తాయి, మనం చూసేసరికి బుధవారం అవుతుంది. పెద్ద వెర్షన్ ఏడాదికి ఒకటి, సంవత్సరం రెండో సగంలో. ఆండ్రాయిడ్‌లో కూడా సెక్యూరిటీ ప్యాచ్ వేరు, 14 నుంచి 15కి వెళ్లడం వేరు, సెట్టింగ్స్‌లో వెతికితే మీ ఫోనులో ఉన్న ప్యాచ్ ఏ తేదీదో కనిపిస్తుంది. యాప్‌లు, బ్రౌజర్లు మాత్రం రెండిటినీ ఒకే మూటలో కట్టి పంపిస్తాయి. క్రోమ్ 2021 సెప్టెంబర్ నుంచి నాలుగు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది, అంతకుముందు ఆరు వారాలకి వచ్చేది. ఇంత తరచుగా ఎందుకంటే, ఒక్కోసారి కొంచెమే మారిస్తే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడం వాళ్లకి సులువు, రెండేళ్ల మార్పులన్నీ ఒకేసారి గుమ్మరిస్తే తప్పు ఎక్కడుందో వెతకడమే నెలల పని. ఒప్పుకుంటాను. కానీ వాడేవాడికి మాత్రం చేతి కింద ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది, అలవాటు కుదిరేలోపే మళ్లీ మారుతుంది, ఈ అలసట నిజమైనదే, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకూడదు.

ఆపేస్తే ఏమవుతుందో 2017 మే 12న లోకమంతా చూసింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది, ఆంధ్రలో శ్రీకాకుళం సహా కొన్ని జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చేసింది, అంటే దాదాపు రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. 2019 మేలో వాట్సాప్‌లో బయటపడిన లోపం ఇంకా దారుణం, వచ్చిన కాల్ ఎత్తకపోయినా సరే ఫోనులోకి పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ దూరే వీలుండేది, మన దేశంలోనూ కొందరు దాని బారిన పడ్డారు. మందు ఒక్కటే, యాప్ అప్‌డేట్.

తొందర వల్ల కూడా నష్టాలు జరిగాయి, ఆ సంగతి దాచను. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద వెర్షన్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది, కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ ఇచ్చారు. ఆ నెల ఆగినవాళ్లకి ఏమీ కాలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌కి దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఈ రెండు రకాల నష్టాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా ఇలా కనిపిస్తుంది: తప్పు అప్‌డేట్ వల్ల మామూలుగా పోయేది ఒకటి రెండు రోజుల పని, వేయని ప్యాచ్ వల్ల ఫైళ్లే పోతాయి, ఖాతాలో డబ్బు పోతుంది. అందుకని నెట్‌కి కలిపిన యంత్రంలో ప్యాచ్ ఎప్పుడూ ఆపను, రూపం మార్చే పెద్ద వెర్షన్‌కి మాత్రం ఎప్పుడూ తొందరపడను.

షాపు కంప్యూటర్: ఇక్కడ నేను దెబ్బ తిన్నాను

మాఘమాసం, ముహూర్తాల రోజులు. సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నాను, త్వరగా కట్టేద్దామని షట్‌డౌన్ నొక్కాను, దాని పక్కనే అప్‌డేట్ అని కూడా రాసి ఉందని చూడలేదు. పొద్దున తెరిచేసరికి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, గంటకి పైగా అలాగే. తీరా తెరుచుకున్నాక ముందు రోజు కంపోజ్ చేసి ప్రూఫ్ కూడా ఓకే అయిన కార్డు తెరిచాను. ఒడియా వైపు చక్కగా ఉంది. తెలుగు వైపు పెళ్లికూతురి పేరులో వత్తులన్నీ విడిపోయి పక్కన డబ్బాలు డబ్బాలుగా కూర్చున్నాయి, ముహూర్తం లైనులో సంఖ్యలు తప్ప ఏమీ చదవడానికి లేదు. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌తో కలవనంటోంది, కీబోర్డు నొక్కితే ఇంగ్లిష్ అక్షరాలు పడుతున్నాయి. పెళ్లికూతురి మేనమామ బల్ల అవతల నిలబడి ఉన్నాడు, పదకొండు గంటలకి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి ఇవ్వాలి. "ఏం బాబూ, నిన్న బాగానే ఉంది కదా" అన్నాడు, అంతే, ఇంకో మాట అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. చివరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని తెలిసిన ఇంకో షాపుకి పరిగెత్తి, అక్కడ మొత్తం మ్యాటర్ మళ్లీ సరిచూసి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి సంగతి తెలుసు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన వెర్షన్ 7 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు, అయినా మన తెలుగు డీటీపీ సగం దాని మీదే నడుస్తోంది, ఎందుకంటే ఇరవై ఏళ్ల ఫైళ్లు, పాత ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు అన్నీ దాంతో ముడిపడ్డాయి. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి యూనికోడ్‌కి మారిపోండి అని చెప్పడం సులువు, కొత్త పనులన్నీ నేనూ యూనికోడ్‌లోనే చేస్తున్నాను, కానీ పాత కస్టమర్ వచ్చి "మా అక్క పెళ్లికి కొట్టినట్టే కొట్టు" అంటే పాత ఫైలు తెరవాల్సిందే.

ఇలాంటి షాపుకి నా సలహా రెండు యంత్రాలు. ఒకటి పాత సాఫ్ట్‌వేర్ ఉన్నది, దానికి ఇంటర్నెట్ తీగే పెట్టొద్దు, వైఫై తీసేయండి, అప్‌డేట్లు ఆగిపోయినా భయం లేదు. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయడం సమంజసమయ్యే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. దాంట్లోకి వెళ్లే ప్రతి పెన్‌డ్రైవ్‌నీ ముందు రెండో యంత్రంలో స్కాన్ చేయండి, ఎందుకంటే నెట్ లేకపోయినా వైరస్ పెన్‌డ్రైవ్ మీద వస్తుంది, కాలేజీ పిల్లల పెన్‌డ్రైవ్‌లైతే మరీనూ. రెండోది ఆన్‌లైన్ పనులది, ఆధార్, బ్యాంకు, ఫారాలు అన్నీ దాని మీదే, కాబట్టి ప్యాచ్‌లు క్రమం తప్పకుండా పడాలి. నేను బుధవారం వచ్చినదాన్ని ఆ వచ్చే ఆదివారం వేస్తాను. ఈ నాలుగు రోజుల్లో ఎవరికైనా ప్రింటర్ ఆగిపోతేనో వేలిముద్ర మిషన్ పలకకపోతేనో కబురు ఎలాగూ తెలిసిపోతుంది, ఆదివారం బేరాలు తక్కువ కాబట్టి ఏదైనా అయినా సరిచేసుకోవడానికి పూట దొరుకుతుంది.

విండోస్ కొనేటప్పుడు హోమ్, ప్రో మధ్య తేడా షాపువాళ్లకి ఇక్కడే పనికొస్తుంది. హోమ్‌లో పాజ్ నొక్కితే ఐదు వారాల దాకా ఆగుతుంది, కానీ ప్యాచ్‌లూ వెర్షన్లూ కలిపి ఆగిపోతాయి. ప్రోలో పెద్ద వెర్షన్‌ని ఏడాది దాకా వాయిదా వేసి ప్యాచ్‌లు మాత్రం తీసుకోవచ్చు. రోజూ నలుగురి పని ఆధారపడి ఉండే యంత్రమైతే ప్రోకి పెట్టిన డబ్బు దండగ కాదు. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కి అక్కర్లేదు. పెద్ద వెర్షన్ వేశాక నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలుంటుంది, పదకొండో రోజు ఆ బటన్ కనిపించదు, అందుకే వేసిన మర్నాడే ప్రింటరు, స్కానరు, ఫాంట్లు అన్నీ ఒక్కసారి నడిపి చూసుకోండి.

విండోస్ 10 దగ్గర ఆగిపోయినవాళ్లు

మా వైపు షాపుల్లో, ఇళ్లలో ఇంకా చాలా యంత్రాలు ఇవే. దీనికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దారులు మూడు. మీ యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉంటే విండోస్ 11కి వెళ్లిపోండి, నాలుగు జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుందని కాగితం మీద రాసి ఉంటుంది, ఎనిమిది లేకపోతే మీకే విసుగొస్తుంది. అలా లేకపోతే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచ్‌లు మాత్రం వస్తాయి. నిజానికి రూపం మారకుండా కన్నాలు మాత్రమే పూడ్చే ఈ ఏర్పాటే చాలామంది ఎప్పట్నుంచో కోరుకుంటున్నది, కాకపోతే గడువు చిన్నది.

మూడోది లినక్స్, విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత సిస్టమ్. ఊరికే బ్రౌజర్, ఉత్తరాలు, పీడీఎఫ్‌ల కోసం వాడే పాత యంత్రానికి నేను లినక్స్ మింట్ వేసి ఇస్తున్నాను, ఇద్దరు ముగ్గురు మాస్టార్లు హాయిగా వాడుకుంటున్నారు. లినక్స్‌లో ఎంచుకోవాల్సింది ఒకటుంది. ఉబుంటు అనే లినక్స్ రకంలో ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం ప్యాచ్‌లిచ్చే వెర్షన్, రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు ప్యాచ్‌లు ఇస్తారు, మధ్యలో వచ్చే వెర్షన్లకి తొమ్మిది నెలలే. మింట్ ఈ ఎల్‌టీఎస్ మీదే కట్టింది. రోజూ కొత్తది వచ్చిపడే రోలింగ్ రకాలూ ఉన్నాయి, నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలకి సరదాగా ఉంటుంది, పనికి వద్దు. 2024 మార్చి చివర్లో లినక్స్‌లో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయింట్ అనే ఇంజినీరు తన సిస్టమ్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వి పట్టుకున్నాడు. అప్పటికి అది కొత్తదనం కోసం పరిగెత్తే రోలింగ్, టెస్టింగ్ రకాల్లోకి చేరిపోయింది, నిదానంగా నడిచే డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్‌లలోకి చేరలేదు. ఆగడం అంటే ప్యాచ్‌లు లేకుండా ఆగడం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బ్రౌజర్‌లో కూడా ఇదే పద్ధతి కావాలంటే ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ ఉంది, రూపం ఏడాదికోసారి మాత్రమే మారుతుంది, ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి. బల్ల దగ్గర కూర్చుని రోజంతా ఫారాలు నింపే కుర్రాడు ఉన్న షాపుకి ఇది బాగుంటుంది.

ఫోన్లు, ముఖ్యంగా పెద్దవాళ్ల ఫోన్లు

ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగేవాళ్లే గానీ ఎన్నేళ్లు అప్‌డేట్ ఇస్తారు అని అడిగినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అడగండి. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామని కంపెనీలే చెప్పాయి. అవి ఖరీదైనవి, అందరూ కొనలేరు, కానీ తక్కువ ధరలో కూడా శాంసంగ్ ఏ16 5జీ లాంటి వాటికి ఆరేళ్ల మాట ఉంది. అదే ధరలో రెండు మూడేళ్లకి చేతులు దులిపేసుకునే ఫోన్లూ పక్కనే ఉంటాయి. ఫోనులో యూపీఐ వాడేవాళ్లు రెండిట్లో ఎక్కువేళ్లు ఇచ్చేదే తీసుకోండి, కెమెరా కాస్త తగ్గినా పర్వాలేదు.

చేతిలో ఉన్న ఫోను సంగతికొస్తే, వయసులో ఉన్నవాళ్లకి నేను ఆటోమేటిక్‌గా వదిలేయమనే చెబుతాను, రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. పరీక్షలున్న వారం మాత్రం ల్యాప్‌టాప్‌లో పాజ్ నొక్కుకోండి. పెద్దవాళ్ల ఫోనుకి పద్ధతి వేరు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్‌ని మొత్తానికి తీసేయకుండా, అటూ ఇటూ మారితే వాళ్లు తికమకపడే యాప్ పేజీ తెరిచి, పైన మూడు చుక్కల దగ్గర ఆ ఒక్కదానికే టిక్ తీసేయవచ్చు. వాట్సాప్, యూపీఐ, బ్యాంకు యాప్, క్రోమ్, ఈ నాలుగిటికీ టిక్ మాత్రం తీయకండి. ఎంత చిరాకైనా సరే. ఇక ఆండ్రాయిడ్ వెర్షనే మారే పెద్ద అప్‌డేట్‌ని ఇంట్లో ఎవరైనా పిల్లలు ఉన్నప్పుడే వేయించండి, సంక్రాంతికి వచ్చినప్పుడో, రథయాత్రకి వచ్చినప్పుడో, వేసి వెళ్లిపోకుండా మర్నాడు కూడా ఉండి, ఏది ఎక్కడికి పోయిందో రెండుసార్లు చేయించి చూపించి వెళ్లండి.

మొదట చెప్పిన పెద్దావిడ ఫోనులో నేను చూసింది ప్యాచ్ తేదీ. ఎనిమిది నెలల పాతది. అందులో యూపీఐ ఉంది, కొడుకు కువైట్ నుంచి పంపే డబ్బు చూసుకోవడం దాంట్లోనే. వదిలేయమని చెప్పడానికి మనసొప్పలేదు. గుడ్ మార్నింగ్ వీడియోలే మూడు జీబీలు పైన ఉన్నాయి, ఆవిడని అడిగి ఒక్కొక్కటీ తీసేశాను, మనవడి వీడియో ఒకటి మాత్రం ఉంచమంది. ఆవిడ డేటా పోకుండా షాపు వైఫైకి కలిపి, చార్జర్ పెట్టి, అప్‌డేట్ నడిపాను, ఈలోపు జిరాక్సులు అయ్యాయి, టీ తాగింది, ముప్పావు గంట పట్టింది. అయ్యాక కూతురి నంబరుని మొదటి తెర మీద పెద్ద ఫోటోతో షార్ట్‌కట్‌గా పెట్టి, ఆవిడ చేతే మూడుసార్లు కాల్ చేయించాను. మూడోసారి కూతురు విసుక్కుంది. ఆవిడ మాత్రం నవ్వింది.

డేటా, చోటు తక్కువగా ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, ప్లే స్టోర్‌లో వైఫై ఉన్నప్పుడే యాప్‌లు అప్‌డేట్ అయ్యేలా పెట్టుకోవచ్చు, ల్యాప్‌టాప్‌కి ఫోను నుంచి హాట్‌స్పాట్ పెడితే ఆ కనెక్షన్‌ని మీటర్డ్ (డేటా పొదుపుగా వాడమని చెప్పడం) అని మార్చుకోండి, లేకపోతే రోజు డేటా అంతా ఒక్క గంటలో ఊడ్చేస్తుంది.

అప్‌డేట్ పేరుతో వచ్చే మోసం

అప్‌డేట్ ఎప్పుడూ సెట్టింగ్స్‌లోనో ప్లే స్టోర్‌లోనో మాత్రమే వస్తుంది. వాట్సాప్‌లో లింకు రాదు, బ్యాంకు వాళ్లు ఫోను చేసి "యాప్ కొత్తది పంపిస్తున్నాం, వేసుకోండి" అనరు, రైతు డబ్బుల పథకం పేరుతో ఫైలు రాదు. చివర్లో ఏపీకే (.apk) అని ఉండే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్‌గా దిగే ఫైలు, ఎవరు పంపినా, అన్న పంపినా, మావయ్య పంపినా, ముందు వాళ్లకి ఫోన్ చేసి అడగండి, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే వేరేవాడి చేతిలో ఉండి ఉండవచ్చు. ఈ మధ్య పెళ్లికార్డు పేరుతో కూడా ఇలాంటి ఫైళ్లు తిరుగుతున్నాయి, నా పనే అది కాబట్టి నాకు ఇంకా ఎక్కువ మండింది. మా షాపులో చేసిన కార్డు వాట్సాప్‌లో వస్తే అది ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో ఉంటుంది, తెరవగానే కనిపిస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఇన్‌స్టాల్ అని అడిగే కార్డు ఎవరి పెళ్లిదైనా సరే నొక్కకండి, ఆ పెళ్లివాళ్లకి ఒక్క ఫోన్ కొట్టి ముహూర్తం ఎప్పుడో నోటితోనే అడిగి తెలుసుకోండి.